చిల్లులు పడని బోర్డు

మీరోనాస్ రోడ్ల శాఖలో పనికి చేరిన రోజున మా ప్రినారి ఊరి దారిలో చదవడానికి వీలైన బోర్డు ఒక్కటీ లేదు. అతను పని నుంచి దిగిపోయే ఏడాది వచ్చేసరికి కూడా లేదు. ఆ మధ్య కాలమంతా అతను వాటిని బాగుచేస్తూనే ఉన్నాడు.

ఇందులో అతని పనితనం లోపమేమీ లేదు. మా క్రీట్ దీవి కొండల్లో రోడ్డు బోర్డుకి ఉండే ఆయుష్షే అంత. కొత్త తుపాకీ కొన్నవాడు గురి చూసుకునేది బోర్డు మీద. కొడుక్కి బాప్తిస్మమైతే బోర్డు, చెల్లెలి పెళ్ళైతే బోర్డు, గొర్రె తప్పిపోయి కోపమొస్తే బోర్డు. పైగా బోర్డు ఊరుకోదు, ఆజ్ఞలిస్తుంది. నెమ్మదిగా వెళ్ళమంటుంది, ఆగమంటుంది. "మా నాన్న చెబితేనే నేను ఆగలేదు. నిన్నగాక మొన్నొచ్చిన రేకుముక్క చెబితే ఆగుతానా?" అనేవాడు కాఫీకొట్టు ఖరిదిమోస్. ఆ మాటకి ఊరంతా తలూపేది. ఊపినవాళ్ళ గురి ఎలాంటిదో మర్నాడు రేకు మీద కనబడేది.

నాది వెల్డింగు పని. నా షెడ్డుకీ రోడ్ల శాఖ సామాను గదికీ మధ్య ఒకటే గోడ. అందుకని మీరోనాస్ పని నేను దగ్గర్నుంచి చూశాను. గుండు దూసుకుపోయిన రేకు వెనకవైపు పువ్వులా విచ్చుకుంటుంది. తొందరగా పని ముగించాలనుకునేవాడు దాని మీద లప్పం పూసి రంగేసి పంపేస్తాడు. మొదటి ఎండకే అది పెచ్చుగా రాలిపోతుంది. మీరోనాస్ అలా చేసేవాడు కాదు. బోర్డుని ఇసుక సంచి మీద బోర్లా వేసి, విచ్చుకున్న అంచుల్ని చెక్క సుత్తితో ఒక్కొక్కటే లోపలికి కొట్టేవాడు. చిల్లు కన్నా కాస్త పెద్దగా గుండ్రటి రేకు ముక్క కత్తిరించి, వెనక నుంచి రివిట్లు వేసి, ఎమిరీ కాగితంతో రుద్ది, అప్పుడు రంగు ముట్టుకునేవాడు. చివరికి రసమట్టం పెట్టి స్తంభం నిలబెట్టి ఇంటికి వెళ్ళేవాడు. ఆదివారం వెళ్ళాక దాన్నే మళ్ళీ ఊడదీసుకొచ్చేవాడు.

"మగవాళ్ళు పోయేముందు ద్రాక్షతోట వదిలిపోతారు, ఇల్లు వదిలిపోతారు. మా ఆయన జల్లెడలు వదిలిపోతాడు," అనేది అతని భార్య గరిఫాలియా. నలుగురిలోనే అనేది. మీరోనాస్ నవ్వేవాడు కాదు, కోపగించుకునేవాడూ కాదు. చేతులకంటిన రంగు గుడ్డతో తుడుచుకునేవాడు.

ఆగస్టులో మరియమ్మ తల్లి పండగ కాగానే అతను సామాను గది తాళాలు కొత్తవాడికి అప్పగించాలి. ఆ వేసవి మొదట్లో ఒకరోజు గోడ మీదుగా నాతో అన్నాడు.

"స్త్రాతీ, ఒక్కటి చాలు. ఒక్క బోర్డు చిల్లు లేకుండా నిలబడి ఉండగా తాళాలు ఇచ్చెయ్యాలి."

"పండగ ముందర ఇచ్చెయ్యి మరి," అన్నాను.

"పండగ తరవాతేనంట. కాగితం అలాగే వచ్చింది."

పండగ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ రోజు చుట్టుపక్కల కొండల్లో ఉన్న ప్రతి తుపాకీ మా ఊరొస్తుంది. అందుకని ఆ మాట అక్కడితో ఆపేశాం.

జూన్‌లో పట్నం నుంచి కొత్త బోర్డుల పెట్టె వచ్చింది. ఎక్కడో విదేశంలో మిగిలిపోయిన సరుకు చవగ్గా దొరికితే కొన్నారట. అందులో ఆగు, మలుపు, పశువులు దాటు చోటు అన్నీ మామూలువే. అడుగున మాత్రం ఒక నీలం పలక ఉంది. దాని మీద తెల్లని గీత. ఆ గీత నలుచదరంగా తిరుగుతూ ప్రతి మూల దగ్గరా బయటికి జారి, ఒక సున్నా చుట్టుకుని, మళ్ళీ తన దారిన పడింది. మొదలూ లేదు, చివరా లేదు. చెయ్యెత్తకుండా వేసిన ముగ్గులా ఉంది.

మీరోనాస్ పట్నానికి ఫోన్ చేశాడు. "పెట్టెలో వచ్చిందంటే పెట్టమనే కదా! ఊరి మొదట పెట్టు," అని అటువైపు మనిషి ఫోన్ పెట్టేశాడు. మీరోనాస్ ఊరి మొదటి మలుపులో, పాత కళ్ళం పక్కన గొయ్యి తవ్వాడు. స్తంభం నేనే అతికిచ్చాను.

"దీని అర్థం ఏంటి, బావా?" అనడిగాను.

"నిలువుగా ఉండాలి. అది చూడు," అని రసమట్టం నా చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున్న మలుపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. తుపాకులు భుజాలకే ఉన్నాయి. బోర్డు మీద ఒక్క గీటు కూడా లేదు.

ఎందుకు కాల్చలేదో తెలుసుకోవాలంటే మా వాళ్ళ లెక్క తెలియాలి. వాళ్ళు ఊరికే కాల్చరు. ఏం చెబుతోందో తెలిశాకే, వినడం ఇష్టంలేక కాలుస్తారు. ఇదేం చెబుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. పైగా ఇది ఈ దేశపు బోర్డు కాదు.

"విదేశీ మనిషి," అన్నాడు ఖరిదిమోస్, రేకు అంచుని వేలితో తడిమి. "మన గుమ్మంలోకి వచ్చాడు. పేరేంటో, పనేంటో మనకి తెలీదు. పరాయివాడికి తిండి పెట్టకుండా ఎందుకొచ్చావని అడిగే అలవాటు మన ఊళ్ళో ఎవరికన్నా ఉందా?"

ఎవరికీ లేదు. పేరైనా అడగని అతిథిని కాల్చడం మాట అటుంచి, అతనికి ముందు కుర్చీ వెయ్యాలి. స్తంభానికి కుర్చీ అక్కర్లేదని ఫాదరు నికిఫోరోస్ తేల్చాడు. ఆ సాయంత్రం ఒక చిన్న పళ్ళెంలో జున్నుముక్క, పక్కన గ్లాసుడు రకీ సారా స్తంభం మొదట్లో పెట్టారు. జున్ను మేకలు తిన్నాయి, అది కళ్ళారా చూశాం. గ్లాసు మాత్రం తెల్లారేసరికి ఖాళీ అయి, బోర్లించి ఉంది. మేక గ్లాసు బోర్లించదు. మర్నాడు మళ్ళీ నింపారు. మళ్ళీ అంతే.

"తాగుతున్నాడు, ఇంకా మాట్లాడ్డం లేదు," అన్నాడు ఖరిదిమోస్. "నచ్చాడు నాకు."

కానీ అర్థం తెలియని వస్తువు ఊరి మొదట నిలబడి ఉంటే ఎన్నాళ్ళు నిద్ర పడుతుంది? బస్సు నడిపే జఖారియాస్ సముద్రం ఒడ్డు మనిషి, చట్టమంటే భయం. అది చక్రాలు తిరగాల్సిన దారి అని అతనికి తోచింది. ఒక ఉదయం బస్సుని కళ్ళంలోకి దింపి, ఒక మూల చుట్టూ తిప్పాడు. ముందుకెళ్ళి రెండో మూల చుట్టూ తిప్పాడు. లోపల సంతకి వెళ్తున్న ఆడవాళ్ళు గుడ్ల బుట్టలు గుండెకి హత్తుకున్నారు.

"నీ చక్రాలు మట్టిలో కలవ! దారి మర్చిపోయావట్రా?" అని గరిఫాలియా అరిచింది.

"ఇంకా రెండు మూలలున్నాయమ్మా. మధ్యలో ఆపితే తప్పు నా మీదికొస్తుంది."

"నా కడుపులో కాఫీ నాలుగో మూల కూడా తిరిగేసిందిరా! ఆపు!"

జఖారియాస్ ఆపలేదు. వారం పాటు బస్సు అలాగే వచ్చింది. ఎదురుగా వచ్చిన పాల వ్యాను వాడు, బస్సు తిరుగుతుంటే తను తిరగకపోతే ఏమవుతుందోనని తనూ తిరిగాడు. ఆ వారం మా ఊరికి పాలు వెన్న కట్టి వచ్చాయి. చివరికి ఆడవాళ్ళంతా మలుపు ముందరే దిగిపోయి, ఖాళీ బస్సు నాలుగు చుట్లు తిరిగేదాకా నిలబడి, అవతల ఎక్కడం మొదలుపెట్టాక అతనికి సిగ్గేసి మానేశాడు.

తరవాత ఫాదరు గారు ఇంకో సంగతి తెచ్చాడు. వాళ్ళ మేనల్లుడి కంప్యూటరు మీటల్లో ఒకదాని మీద అచ్చం ఇదే గుర్తు ఉందట.

"నొక్కితే ఏమవుతుంది, ఫాదరు గారూ?"

"ఒక్కదాన్నే నొక్కితే ఏమీ కాదు నాయనా. దీన్ని పట్టుకుని ఇంకోటి కూడా నొక్కాలి. అప్పుడు ఏదో ఒకటి అవుతుంది."

ఆ ఇంకోటి ఏదన్నది ప్రశ్న. కింది మలుపులో ఉన్న 'ఆగు' బోర్డు తప్ప దగ్గర్లో ఇంకో బోర్డు లేదు. దానిలో చిల్లులు పోగా చెయ్యి పెట్టే చోటు వెతుక్కోవాలి. ఖరిదిమోస్ పైన నీలం బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు. నన్ను కిందికి పంపారు.

"నొక్కానూ!" అని పైనుంచి కేక.

నేనూ నొక్కాను.

"ఏమన్నా అయిందా స్త్రాతీ?"

"మేకలు దిగొస్తున్నాయి!"

"అవి రోజూ ఈ వేళకే దిగుతాయి కదరా!"

"అవును. కానీ నొక్కకముందు కనబడలేదు!"

ఈ మాట కొట్టివెయ్యడానికీ లేదు, నమ్మడానికీ లేదు. కొందరు ఇప్పటికీ ఆ దారిన పోతూ అరచెయ్యి ఆనించి పోతారు, మేకలు తొందరగా ఇంటికొస్తాయని.

ఈ తమాషా అంతట్లో తన ఊహ ఏదీ చెప్పనివాడు మీరోనాస్ ఒక్కడే. మొదట్లో అతనికి పట్టలేదేమో అనుకున్నాను. తరవాత చూస్తే, బోర్డు అర్థం ఇదీ అని నలుగురూ ఒప్పుకోబోయే ప్రతిసారీ అతను కాఫీ కప్పు కింద పెట్టి, ఆ ఏకాభిప్రాయం చెదిరిపోయే మాట ఒకటి అనేవాడు. జులై ఎండలో ఒక మధ్యాహ్నం ఖరిదిమోస్ బల్ల చరిచాడు.

"నాకు తట్టిందిరా! గీత ఎక్కడెక్కడో తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. అంటే? వెనక్కి తిరిగి పో అని! మన ఊరికి మనల్నే రావద్దంటోంది!"

కుర్చీలు కిర్రుమన్నాయి. గోడకి ఆనించిన రెండు తుపాకులు అప్పుడే చేతుల్లోకి వచ్చేశాయి.

"ఆజ్ఞ అయితే ఎర్ర అంచు ఉంటుంది," అన్నాడు మీరోనాస్ కప్పులోకి చూస్తూ. "వద్దు అని చెప్పే ప్రతి బోర్డుకీ నేను ఎర్ర రంగే పూశాను. దీనికి ఎరుపు లేదు."

తుపాకులు మళ్ళీ గోడకి చేరాయి. "ఎరుపు లేదు, అదీ నిజమే," అని ఖరిదిమోస్ నీరసంగా కూర్చున్నాడు.

ఇంటికెళ్తూ నేను అడిగాను. "నీకు దీని అర్థం తెలుసుకోవాలని లేదా, బావా?"

"అర్థం తెలిసిన బోర్డుల గతి చూశావుగా," అన్నాడు. "తెలియనంత కాలం అది అతిథి. తెలిసిన సాయంత్రమే అది మనూరి బోర్డు."

ఇక అతని వేసవి అంతా ఆ కాపలాలోనే గడిచింది. తన చేతికి పని పడకుండా ఉండాలని పనివాడు కాచుకుని కూర్చోవడం నేను అప్పుడే చూశాను. రేకు మీద దుమ్ము కూడా తుడిచేవాడు కాదు. తుడిస్తే అది రోడ్ల శాఖ సొత్తని ఎవరికైనా గుర్తొస్తుందేమో అని.

పండగ రోజు వచ్చింది. గుడిలో ప్రార్థన అయ్యాక వీధి పొడవునా బల్లలు వేశారు. తుపాకులు గుడి గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. భోజనాలు మొదలుపెట్టబోతుండగా మలుపు దగ్గర ఎవరో ఒక పొడుగాటి ముసలావిడ కనబడింది. రెండు చేతుల్లో రెండు ఊతకర్రలు, వీపున సంచి. ఆమె నీలం బోర్డు ముందు ఆగింది, దాన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి వీధంతా లేచి నిలబడింది.

"చదివింది!" అన్నాడు ఖరిదిమోస్ గుసగుసగా. "చూడండి, చదివేసింది!"

ఆమె బోర్డు వదిలి చుట్టూ చూడ్డం మొదలెట్టింది. కొండ వైపు చూసింది. కళ్ళం చూసింది. మేకల దొడ్డి దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసింది. గరిఫాలియా ఆరేసిన బట్టల తాడు ముందు చాలాసేపు నిలబడి, కెమెరా తీసి ఒక ఫోటో తీసింది.

"నా లోపలి లంగా అది!" అంది గరిఫాలియా. "ఆ బోర్డు దాని గురించేనంటారా, ఫాదరు గారూ?"

ఫాదరు గారు నేలకేసి చూశాడు.

ఆమెని తీసుకొచ్చి బల్ల మధ్యలో కూర్చోబెట్టారు. పేరు బ్రిట్టా, ఊరు స్వీడన్. ఏళ్ళ తరబడి ఈ కొండలకి నడకకి వస్తోంది, మన మాట ముక్కలు ముక్కలుగా వచ్చు. బోర్డు సంగతి అడగాలని వీధిలో ప్రతి నోరూ దురద పెట్టింది. కానీ ఎలా అడగడం? అతిథి ఇంకా తినలేదు. అందరం ఆమె ఫోర్కునే చూస్తూ కూర్చున్నాం.

మీరోనాస్ లేచాడు. వంటింటి వైపు వెళ్ళి మేకమాంసం పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అది సగమయ్యేలోగా నత్తల కూర తెచ్చాడు. తరవాత ద్రాక్షాకుల పొట్లాలు. తరవాత జున్ను బిళ్ళలు, తేనె వేసి. ఆమె ఫోర్కు కింద పెట్టబోతే ఇంకో పళ్ళెం దాని కిందికి జరిపేవాడు.

"ఏమయ్యా," అంది గరిఫాలియా నడుం మీద చేతులు పెట్టి, "పెళ్ళైన నాటి నుంచీ నీ కంచం నువ్వు తీసుకెళ్ళి తొట్లో పెట్టలేదు. ఈ పెద్దావిడకి కొత్తల్లుడివా ఏంటి?"

"తిననీ," అన్నాడు మీరోనాస్. ముఖానికి చెమటలు పట్టేశాయి. ఆమె తింటున్నంతసేపూ ప్రశ్న అడగడానికి వీల్లేదు. వీధిలో ఈ సంగతి కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ వెళ్ళి పుచ్చకాయ కోసుకొచ్చాను.

బ్రిట్టా గట్టి మనిషి. అయినా మనిషి కడుపే కదా. పుచ్చకాయ దగ్గర రెండు చేతులూ ఎత్తేసింది. ఖరిదిమోస్ అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఆ నీలం బోర్డు. ఏమంటోంది?"

"మా దేశంలో ఇది మామూలు బోర్డు," అంది ఆమె. "ఇక్కడ చూడదగినది ఒకటుంది, ఆగి చూడండి అని. నేను చాలాసేపు చూశాను. నాకు దొరకలేదు. ఏది చూడాలి?"

మీరోనాస్ ఖాళీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అది ఆజ్ఞ కాదు. కానీ అతను భయపడినదానికన్నా ఇదే ప్రమాదం. ఊళ్ళో ఏదో ఒక్కటే చూడదగినదట! ఒకడిది గొప్పదైతే మిగిలినవాళ్ళందరిదీ కాదనే కదా?

"మా గుడి," అన్నాడు ఫాదరు గారు.

"గుడి అయితే గుడి ముందు పెట్టేవాళ్ళు. కళ్ళం దగ్గరుంది. ఆ కళ్ళం మా తాతది!"

"మీ తాత కళ్ళంలో ఏముంది చూడ్డానికి, బస్సు చక్రాల గుర్తులా?"

"నా కొట్టు పదడుగులు లేదు అక్కడికి," అన్నాడు ఖరిదిమోస్. "బోర్డు ఎటు తిరిగుందో చూడండి!"

"ఇటు తిరిగుందంటే ఆ రేకుని ఇప్పుడే అటు తిప్పుతా!" అని ఎవరో గోడ దగ్గరికి నడిచారు. తుపాకులు ఒకదాని మీదొకటి జారిపడిన చప్పుడైంది.

బ్రిట్టా మాత్రం తన కెమెరా చూసుకుంటోంది. ఖరిదిమోస్ చెయ్యి పట్టి లాగి చూపించింది. "నేను ఇవేమో అనుకున్నాను. కింది నుంచి వస్తూ అన్నీ తీశాను. ఇంత పని! వీటిని చేసేది ఎవరు?"

అందరం వంగి చూశాం. మా దారిలోని బోర్డులే. 'ఆగు' బోర్డు, వెనక నుంచి పొద్దుటి ఎండ పడి చిల్లులన్నీ చుక్కల్లా మెరుస్తున్నాయి. మలుపు బోర్డు. పశువుల బోర్డు, అందులో ఆవుకి కన్ను ఉండాల్సిన చోట సరిగ్గా ఒక చిల్లు. ఎవరో కళాకారుడు ఒక పద్ధతి ప్రకారం వేసిన చిల్లులు అనుకుంటోంది ఆవిడ.

ఖరిదిమోస్ ఆ ఆవు మీద వేలు పెట్టాడు. "ఆ ఆవు కన్ను నాది."

"ఈ మూలవి మా అన్నదమ్ములవి."

"ఆ పెద్దది మా నాన్నది. దేవుడు ఆయన ఆత్మకి శాంతినివ్వాలి. ఎడమ చేత్తో కొట్టాడు!"

"మరి ఇది?" అని బ్రిట్టా ఇంకో ఫోటో దగ్గర ఆగింది. నెమ్మదిగా వెళ్ళమనే పాత బోర్డు. చిల్లుల మధ్య గుండ్రటి అతుకులు, అతుకుల మీద కొత్త చిల్లులు, వాటి మీద మళ్ళీ అతుకులు. "అన్నింట్లోకీ ఇది బాగుంది. ఈ బిళ్ళలు వేసింది ఎవరు?"

వీధంతా మీరోనాస్ వైపు తిరిగింది. అతను పళ్ళెం వైపు చూశాడు.

"రివిట్టు వెనక నుంచి వెయ్యాలి," అన్నాడు.

అతను ఆ పండగలో పలికింది దాదాపు అంతే. మిగతాది ఖరిదిమోస్ కుర్చీ ఎక్కి పలికాడు. "విన్నారా? ఆ పరాయివాడు ఎక్కడి నుంచో వచ్చి, మన రకీ తాగి, ఒక్క మాట అనకుండా మన పనితనాన్ని లోకానికి చూపిస్తూ నిలబడ్డాడు. మన మంచి చెప్పినవాడి మీద గుండు వేసేవాడు ఈ ఊళ్ళో ఉన్నాడా?"

లేడు. పక్క ఊళ్ళవాళ్ళకి కూడా గట్టిగా చెప్పేశారు, ఆ బోర్డు ప్రినారి అతిథి అని. ఆ మాటకి అర్థం కొండల్లో అందరికీ తెలుసు.

"ఇంకో మాట, మీరోనాస్ బావా," అన్నాడు ఖరిదిమోస్ దిగుతూ. "ఇకమీద మిగతా బోర్డుల్లో ఒక్క చిల్లు మూశావంటే ఊరుకోం. అవి చూడదగినవి."

"అతుకులో?"

"అతుకులు ఉన్నవి ఉండనీ. కొత్తవి వద్దు."

తరవాత కాల్పులు మొదలయ్యాయి. ఆ ఏడాది కాల్చినంత శ్రద్ధగా మావాళ్ళు ఎప్పుడూ కాల్చలేదు. ప్రతివాడూ ఒక కన్ను మూసి, ఎక్కడ పడితే అందంగా ఉంటుందో చూసి మరీ కాల్చాడు. బ్రిట్టా చెవుల్లో దూది పెట్టుకుని, పని జరుగుతుండగా చూసే అవకాశం దొరికినందుకు అందరికీ దండాలు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పట్నం నుంచి కొత్తవాడు వచ్చాడు. మీరోనాస్ సామాను గది తెరిచి చెక్క సుత్తి, ఇసుక సంచి, రివిట్ల డబ్బా చూపించాడు. ఎక్కడ వాడాలో చెప్పలేదు. కొత్తవాడు తాళాలు జేబులో వేసుకుని, "ఊరి మొదట ఆ నీలం బోర్డు ఏంటండీ? ఎప్పుడూ చూళ్ళేదు," అనడిగాడు.

"నిలువుగా ఉండాలి. అంతే," అన్నాడు మీరోనాస్.

నేను మలుపు దాకా అతని వెంట నడిచాను. అతను బోర్డు ముందు వైపు అరచేత్తో తడిమాడు. వెనక్కి వెళ్ళి వెనక వైపూ తడిమాడు, పువ్వులా విచ్చుకున్న అంచు ఎక్కడైనా తగులుతుందేమో అని. రేకు నున్నగా, చల్లగా ఉంది. జేబులోంచి గుడ్డ తీసి, ఆ వేసవిలో మొట్టమొదటిసారి దాని మీది దుమ్ము తుడిచాడు.

స్తంభం మొదట్లో రాత్రి పెట్టిన రకీ గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. మీరోనాస్ నావైపు ఒకసారి చూశాడు. వంగి తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు గుడ్డతో తుడిచి, అలవాటైన చేత్తో బోర్లించి పెట్టాడు.